రెండో దెబ్బ

ఎల్లారావు తన భార్య చేతిని బీరువా తలుపు సందున పెట్టి మూసింది 2006 ఆగస్టులో ఒక బుధవారం నాడు, పట్టపగలు పదకొండున్నరకు. మల్కాపురంలో వాళ్లుండే వీధిలో ఆ వేళకు ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు బియ్యం ఏరుకుంటూనో, కూతురి తల దువ్వుతూనో కూర్చుని ఉంటారు. రోజారమణి కేకను తక్కువలో తక్కువ ఇరవై మంది విన్నారు. ఒక్కరు కూడా లేచి రాలేదు. ఆ ఇంట్లోంచి అలాంటి కేకలు తొమ్మిదేళ్లుగా వింటున్నవాళ్లు. అలవాటైపోయిన చప్పుడుకు ఎవరు లేస్తారు?

ఎల్లారావు పోర్టులో బస్తాలు మోసే కళాసీలకు మేస్త్రీ. ఓడ రాక పని లేని రోజున భార్యకు ఒక దెబ్బ, ఓడ వచ్చి ఒళ్లు హూనమైన రోజున నాలుగు. పెళ్లయిన మూడో ఏట కడుపు మీద తన్నితే అయిదో నెల బిడ్డ పోయింది. ఆ తర్వాత మళ్లీ కడుపు పండలేదు. గొడ్రాలివని దానికీ ఆమెనే కొట్టాడు. ఇంట్లో అత్త వెంకటరమణమ్మ ఉండేది. కొడుకు చెయ్యి లేపినప్పుడల్లా ఆవిడ చేసే పని ఒక్కటే. లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చేది.

రోజారమణికి తనవంటూ ఉన్నవి రెండు చెవులూ పది వేళ్లూ. స్టీలు ప్లాంటు కింద పొలం పోయాక ఆమె తండ్రి, పిల్లకు చదువైనా మిగలాలని సిస్టర్లు నడిపే కాన్వెంటులో వేశాడు. తండ్రి పోయాడు కానీ ఆ ఇంగ్లీషు మిగిలింది. ఆరేళ్లుగా ఆమె ఊళ్లోని ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో పని చేస్తోంది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరమంతా యంత్రంలోకి చెబుతారు. ఆ గొంతుల ఫైళ్లు నెట్‌లో ఇక్కడికి వస్తాయి. ఇక్కడివాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది విన్నట్టు టైపు చేసి వెనక్కి పంపుతారు. చేతులు ఖాళీ ఉండవు గనక కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. తొక్కితే గొంతు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. డాక్టర్లు మాటలతో పాటు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితోనే చెబుతారు. ఫుల్‌స్టాపును వాళ్లు పీరియడ్ అంటారు. ఈ పనికి ఉన్న నియమం ఒకటే: చెప్పనిది రాయకూడదు, చెప్పింది వదలకూడదు. వినబడని మాట దగ్గర ఖాళీ గీత వదలాలి గానీ, ఇదే అయి ఉంటుందిలే అని నింపకూడదు. ఆరేళ్లలో రోజారమణి ఒక్క మాట కూడా ఊహించి నింపలేదు.

కిందటేడు బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కంపెనీ ఆమెకు ఇంటి నుంచే పని ఇచ్చింది. భార్య గడప దాటనక్కర్లేదు గనక ఎల్లారావు ఒప్పుకున్నాడు.

ఆమెతో పాటు పని చేసిన నాగశ్రీ, భర్త ఉద్యోగం మీద మలేషియాలోని పెనాంగ్‌కు వెళ్లి, అక్కడ కూర్చుని ఇదే కంపెనీకి ఇదే పని చేస్తోంది. ఒకరోజు ఫోనులో అంది:

“నువ్వు ఏ దేశంలో కూర్చున్నావో ఫైలుకి తెలుస్తుందా ఏంటే? ఇక్కడ మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. హాస్పిటల్ రికార్డుల కోర్సు ఏడాదిది ఉంది, అందులో చేరితే వీసా ఇస్తారు. పొద్దున్న చదువుకో, సాయంత్రం పని చేసుకో. వచ్చెయ్యవే. నిన్ను ఆ మనిషి చంపేసేలోపు వచ్చెయ్యి.”

రోజారమణి ఏడు నెలలు పట్టి అన్నీ సమకూర్చుకుంది. పనిని వెంట తీసుకువెళ్లవచ్చని మేనేజరు ఉత్తరం ఇచ్చాడు. సీటు వచ్చింది. టికెట్టు వచ్చింది. చెన్నై నుంచి, శనివారానికి. వీసా వేసిన పాస్‌పోర్టు ఒక్కటే రావాలి. కవరు మీద కంపెనీ చిరునామా రాయమని ఆమె చెప్పింది. వీసా ఆఫీసువాళ్లు పాస్‌పోర్టులో ఉన్న ఇంటి చిరునామాకే పంపారు. అది బుధవారం పదకొండు గంటలకు గుమ్మంలోకి వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది వెంకటరమణమ్మ. రావలసిన ఓడ సముద్రంలోనే ఆగిపోయిందని ఎల్లారావు ఆ పూట ఇంట్లో ఉన్నాడు.

ఆ సంగతి రోజారమణికి తెలియదు. హెడ్‌ఫోన్లలో ఎవరో పెద్ద వయసు డాక్టరు, ఒక ముసలమ్మ మోకాలి గురించి నింపాదిగా చెబుతున్నాడు. ఎల్లారావు వెనక నుంచి వచ్చి ఆ హెడ్‌ఫోన్లు లాగి తన చెవికి ఆనించుకున్నాడు.

మగగొంతు. మెత్తగా, తీరిగ్గా, తనకు తెలియని భాషలో తన భార్యకు ఏదో చెప్పుకుపోతోంది.

“ఎవడ్రా నువ్వు?” అని హెడ్‌ఫోన్లలోకి అరిచాడు. “నా పెళ్లాంతో నీకేటి పనిరా, దొంగెదవా?”

ఆ అరుపుకు అదిరిపడి రోజారమణి పెడల్ మీంచి కాలు తీసింది. గొంతు ఆగిపోయింది.

ఎల్లారావు ముఖం వెలిగింది. చాన్నాళ్లుగా వెతుకుతున్న దొంగను చేత్తో పట్టుకున్నవాడి వెలుగు అది.

“సూసావేటే? నా గొంతు ఇనీసరికి బయపడి పెట్టీసినాడు!”

“ఫోను కాదది. రికార్డింగు. నాను కాలు తీసీసరికి ఆగింది. ఉండు, తొక్కి సూపిత్తాను...”

“రికార్డింగయితే నాను తిడితే ఎందుకాగిపోద్దే? తిట్లకి బయపడే టేపురికార్డరు ఎక్కడైనా ఉందేటి? నానేటి సదువుకోనోడిననా?”

ఆమె పెడల్ మీద కాలు పెట్టబోయింది. ఇంకొక్క క్షణం దొరికితే ఆ డాక్టరు మళ్లీ మాట్లాడేవాడు, మోకాలి గురించి తప్ప మరి దేని గురించీ కాదని తెలిసేది. ఎల్లారావు దాన్ని తన్నాడు. పెడల్ గోడకు తగిలి రెండు ముక్కలైంది. తాడు తెగిన చోట రాగి తీగలు బయటికి వచ్చాయి. అంతటితో ఆమె దగ్గరున్న రుజువు పోయింది. తన అరుపుకు ఎవడో విదేశీయుడు ఫోను పెట్టేశాడన్న సంగతి మాత్రం ఎల్లారావు దగ్గర మిగిలింది. సాయంత్రానికల్లా అది వీధంతా పాకింది. చివరికి నిజమై కూర్చుంది.

వెంకటరమణమ్మ కవరు పట్టుకుని వచ్చింది. “ఇది సూడ్రా నాయినా. ఎక్కడికో ఎల్లిపోడానికి పుస్తకం తెప్పించుకుంది. ముద్ర కూడా ఏసీసినారు.”

ఎల్లారావు పాస్‌పోర్టును తిరగేసి, బొమ్మ చూసి, ముద్ర చూసి, జేబులో పెట్టుకున్నాడు.

“ఆడి కాడికే ఎల్తన్నావన్నమాట. ఆడికి రోజూ ఏ సేత్తో రాత్తన్నావే?”

ఆమె కుడి మణికట్టు పట్టుకుని గది అవతలికి ఈడ్చాడు. స్టీలు బీరువా తలుపు తెరిచి, ఆమె వేళ్లను తలుపుకూ చట్రానికీ మధ్య పరిచి, భుజంతో మూశాడు. బియ్యపు బస్తాలు నెట్టే భుజం అది. ఎముకలు విరిగిన చప్పుడు ఆమెకు నొప్పి కంటే ముందు తెలిసింది. తలుపు తెరిచి, వేళ్లు ఎలా ఉన్నాయో వంగి చూశాడు. మళ్లీ మూశాడు.

వీధి తలుపు అప్పటికే వేసి ఉంది.

*

ప్రభుత్వాసుపత్రికి ఆటోలో కోడలి పక్కనే కూర్చుని వెంకటరమణమ్మ కూడా వచ్చింది. తువ్వాలు నెత్తురుతో బరువెక్కింది. దారి పొడుగునా ఆవిడ ఒకటే మాట నూరిపోసింది.

“గాలికి తలుపు కొట్టీసుకుందని సెప్పు. అర్దమైందా? మగాడన్నాక కోపం రాదేటి? మా కాలంలో మావేం పడనేదా?”

క్యాజువాలిటీలో ఉన్న డాక్టరు కుర్రవాడు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నట్టు కళ్లు గుంటలు పడ్డాయి. ఎలా జరిగిందమ్మా అని అడిగాడు. వెంకటరమణమ్మ అందుకుంది.

“గాలి బాబూ. కిటికీ తీసున్నాది. బీరువా తలుపు దబ్బుమని కొట్టీసుకుంది. ఇదేమో పిచ్చిమాలోకం, సెయ్యి అందులో ఎట్టుకుని నిలబడింది.”

డాక్టరు తల ఊపి, పోలీసులకు వెళ్లే వూండ్ సర్టిఫికెట్ మీద ఆ మాటే రాయబోయాడు.

“రాయకండి,” అంది రోజారమణి. నొప్పికి పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. అయినా మాట తొణకలేదు. ఇంగ్లీషులో, ఆరేళ్లుగా ప్రతిరోజూ చెవిలో పడ్డ ఆ డాక్టర్ల ధోరణిలోనే చెప్పడం మొదలుపెట్టింది.

“రోగి ముప్పై ఒక్కేళ్ల స్త్రీ, కామా, కుడిచేతి వాటం, పీరియడ్. కుడిచేతి చూపుడు వేలు, కామా, మధ్యవేలు, కామా, ఉంగరపు వేలు రెండో కణుపు దగ్గర నలిగి విరిగాయి, పీరియడ్. గాయం అరచేతి వైపూ వెనక వైపూ ఒకే గీతలో ఉంది, పీరియడ్. గీతలు రెండు, కామా, ఒకదానికొకటి పావంగుళం దూరం, పీరియడ్. మణికట్టు చుట్టూ గట్టిగా పట్టుకున్న వేళ్ల ముద్రలు తాజాగా ఉన్నాయి, పీరియడ్. కొత్త పేరా. తలుపు రెండుసార్లు మూయబడింది, పీరియడ్. మూసినది భర్త, పీరియడ్.”

డాక్టరు కలం తనకు తెలియకుండానే ఆ కామాల వెంట, ఆ పీరియడ్‌ల వెంట నడిచింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, ఆమె చేతిని దీపం కిందికి జరిపి చూశాడు. గీతలు రెండే. కొలిచాడు. పావంగుళమే.

“ఏటంతాదది? ఏటి రాసీసినావు బాబూ?” అని వెంకటరమణమ్మ అడిగింది.

“గాలి ఒకసారి కొడుతుందమ్మా,” అన్నాడు డాక్టరు తల ఎత్తకుండా. “అది మనిషి మణికట్టు పట్టుకుని రెండోసారి కొట్టదు.”

మర్నాడు పొద్దున్న వార్డులోకి గంగరాజు వచ్చాడు. ఎల్లారావుకు మేనమామ, కళాసీల సంఘానికి పెద్ద. తెల్లచొక్కా, చేతిలో డజను బత్తాయిలు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు సగం పైకి తీసి, ఆమె చూసిందని రూఢి చేసుకున్నాక మళ్లీ లోపలికి నెట్టాడు.

“ఎల్లుండే కదమ్మా నీ ఇమానం?”

“అవును మావయ్యా.”

“ఎల్లిపో. నానే దగ్గరుండి రైలెక్కిత్తాను. ఆడికి నానున్నాను, ఆడు నోరెత్తడు. ఆ పరాయోడి గోల కూడా నానడగను. అదేదో నీ పాపం. నువ్వు సేయాల్సిందల్లా ఒకటే. కోపంలో అలగ సెప్పాను, తలుపు గాలికే పడింది అని పోలీసోళ్లకి ఒక ముక్క సెప్పీ. పుస్తకం నీ సేతిలో ఎట్టీత్తాను.”

“పరాయోడెవడూ నేడు మావయ్యా. అది రికార్డింగు.”

“సరేలే, రికార్డింగే. ఇప్పుడదెందుకు? ఎల్తావా, ఎల్లవా?”

ఆమె ఆ జేబు వంకే చూసింది. పల్చటి గుడ్డలోంచి నీలం అట్ట కనిపిస్తోంది. ఏడు నెలలు ఆమె బతికింది ఆ అట్ట కోసమే. అటువైపు సముద్రం దాటితే ఒక గది ఉంది. ఆ గదికి లోపల గడియ ఉంది. ఆ గడియ సంగతి నాగశ్రీని రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది. ఒక్క వాక్యం చెబితే చాలు. కట్టులో వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి.

“నాను అబద్దం సెప్పి ఎల్లిపోతే, మీరు మీ మేనల్లుడికి మళ్లీ పెళ్లి సేత్తారు,” అంది చివరికి. “సేత్తారా, సెయ్యరా?”

గంగరాజు బత్తాయిలను చూశాడు.

“ఆ పిల్లకి ఆ బీరువా ఉంటాది మావయ్యా. నాను సెప్పను.”

“ఇంత సదువుకున్నావు, తెలివి నేదు నీకు,” అని లేచాడు గంగరాజు. “ఇప్పుడు పుస్తకమూ పోయింది, కాపురమూ పోయింది. ఆ కాగితమొక్కటే కట్టుకుని ఊరేగు.”

పాస్‌పోర్టును ఆ మధ్యాహ్నమే ఎల్లారావు గ్యాసు పొయ్యి మీద కాల్చాడు. అట్ట తొందరగా అంటుకోకపోతే పట్టకారతో పట్టుకుని తిరగేసి మరీ కాల్చాడట. ఆ మాట తర్వాత చెప్పింది వెంకటరమణమ్మే. పట్టకార పాడైపోయిందని ఆవిడ బాధ.

*

శనివారం విమానం ఆమె లేకుండా వెళ్లిపోయింది. ఎల్లారావు నలభై రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. రోజారమణి ఊరికి అటు కొసన ఆడవాళ్ల హాస్టల్లో చేరింది. మూడు వేళ్లలో రెండు వంగలేదు, ఒకటి తిన్నగా చాపడానికి రాలేదు. కంపెనీ ఆమెను వదలలేదు. ఇతరులు టైపు చేసినది చదువుతూ, గొంతుతో పోల్చి వింటూ తప్పులు పట్టే పని ఇచ్చింది. దానికి ఎడమచెయ్యి చాలు. ఎడమచేత్తో రాయడం కూడా నేర్చుకుంది. మొదట్లో ఒకటో తరగతి పిల్లలా, తర్వాత మూడో తరగతి పిల్లలా.

పెనాంగ్ కాలేజీ ఆమె సీటును వచ్చే జూలైకి మార్చింది. గది ఎవరికీ ఇవ్వలేదని నాగశ్రీ నెలనెలా ఫోను చేసి చెబుతూనే ఉంది. కొత్త పాస్‌పోర్టుకు రోజారమణి దరఖాస్తు పెట్టింది. మార్చిలో దాని విచారణకు హెడ్ కానిస్టేబుల్ సన్యాసిరాజు హాస్టలుకు వచ్చాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. విజయనగరం వైపు పల్లెలో పుట్టినవాడు. ఇద్దరు కూతుళ్ల తండ్రి. వరండాలో కూర్చుని, ఫారం మోకాలి మీద పెట్టుకుని, ప్రశ్నలన్నీ అడిగాడు.

“నువ్వెట్టిన కేసుంది, అది సరే. పెట్టినోళ్లకి అడ్డేటీ నేదు. నీ మీద కేసేటీ నేదు కదమ్మా?”

“నేదు బాబూ.”

“ఐతే అయిపోయింది. నీ సాచ్చెం మే నెల్లో వస్తాది. సెప్పీసి జూలైలో సక్కగా ఎల్లిపో. సోమారం రిపోర్టు పంపించీత్తాను. ఒక్కటి మాత్తరం గుర్తెట్టుకో, నీ మీద ఏ చిన్న కేసు కట్టినా అది రిపోర్టులో రాయాల. రాత్తే పాస్‌పోర్టు ఆగిపోద్ది. ఎన్నేళ్లు ఆగుద్దో దేవుడికి తెలాల. కుదురుగా ఉండు.”

అది శుక్రవారం. శనివారం సాయంత్రం నాలుగింటికి రోజారమణి సందు చివర బజారులో కూరగాయలకు వెళ్లింది. వరహాలమ్మ అంగడి ముందు వంగి బెండకాయలు ఏరుతోంది. వరహాలమ్మ నోరు పెద్ద, తూకం సరి.

“ముదురు ఏరుకుంటన్నావేటమ్మా? బెండకాయ కొన విరిసి సూడాల. ఎడంసెయ్యైతే ఏటి, విరగదేటి?” అని నవ్వుతోందావిడ. ఆ నవ్వు మధ్యలో ఆగింది.

రోజారమణి జడను ఎవరో వెనక నుంచి పిడికిట్లో చుట్టి లాగారు. ఆమె వెనక్కి తూలి మోకాళ్ల మీద పడింది. చెమటా సారా కలిసిన వాసన. దవడ కింద చల్లగా మొన తగిలింది. బస్తాలు లాగే ఇనుప కొక్కెం.

“పెనాంగోడి పెళ్లామా! ఆడి కాడికి మళ్లీ బయల్దేరినావంట గదా?” ఎల్లారావు గొంతు బజారంతటికీ వినిపించింది. “సేత్తో రాయకుండా సేసాను. ఇప్పుడు నాలిక లాగీత్తాను. కోర్టులో ఏటి సెప్తావో సూత్తాను.”

బజారులో అంతమంది ఉన్నారు. జామకాయల బండివాడు బండి వెనక్కి లాక్కున్నాడు. ఎవరో “ఒదిలీరా బావా” అన్నారు, దగ్గరికి రాకుండానే. కొక్కెం మొన చర్మంలోకి దిగింది. వెచ్చగా నెత్తురు మెడ మీదుగా జాకెట్టులోకి కారింది. రోజారమణి ఎడమచెయ్యి నేల మీద తడుముకుంటూ పోయింది. గోనె, బెండకాయలు, త్రాసు పళ్లెం. పళ్లెంలో కిలో గుండు. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి.

తల తిప్పకుండానే వెనక్కి కొట్టింది.

ఎముక మీద ఇనుము పడ్డ చప్పుడైంది. జడ వదులైంది. కొక్కెం రాళ్ల మీద పడి దొర్లింది. ఎల్లారావు ఎడమ చెంప చీలి, ఉల్లిపాయల గోనెకు చేరగిలబడి, అక్కడి నుంచి నేలకు జారాడు. నోట్లోంచి నెత్తురుతో పాటు ఒక పన్ను వచ్చింది. లేవడానికి కుడిచెయ్యి రాతి పలక మీద ఆనించి, వేళ్లు విప్పి, పైకి చూశాడు.

“ఒద్దే,” అన్నాడు. “ఒద్దు రోజా.”

తొమ్మిదేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

రోజారమణి లేచి నిలబడింది. కొక్కెం మూడు బారల దూరాన ఉంది. దాన్ని వరహాలమ్మ కాలితో తొక్కిపట్టింది. అతనికి లేచే సత్తువ లేదు. ఆమె వెనుదిరిగి హాస్టలుకు నడిచి వెళ్లవచ్చు. దారి ఖాళీగా ఉంది. ఆ సంగతి ఆమెకు పూర్తిగా తెలుసు. ఒకసారి ఊపిరి పీల్చి వదిలింది. వంగింది. రాతి మీద విప్పి ఉన్న ఆ వేళ్ల మీద కిలో గుండును పైనుంచి దించింది.

ఆ కేక హాస్టలు దాకా వినిపించింది. ఈసారి బజారంతా పరుగెత్తుకు వచ్చింది.

*

ఎల్లారావును ఆసుపత్రికి తీసుకెళ్లారు. రోజారమణి మెడకు చీరకొంగు అదుముకుని తనంతట తానే స్టేషనుకు నడిచింది. వెనక వరహాలమ్మ, ఆమె వెనక ఏడెనిమిది మంది అంగళ్ల ఆడవాళ్లు. బల్ల వెనక సన్యాసిరాజు ఉన్నాడు. పాస్‌పోర్టు ఫారం ఆయన మోచేతి కింద, సంతకం ఒక్కటే మిగిలి ఉంది.

వరహాలమ్మ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. “ఆడు కొక్కెం ఏసి లాగినాడు బాబూ. ఈ పిల్ల తప్పించుకోడానికి ఒక్కటి కొట్టింది. అంతే. ఆడే తూలి పడి, పడ్డప్పుడు రాయి కింద సెయ్యి నలగ్గొట్టుకున్నాడు. కావాలంటే మాందరం ఏలిముద్రలేత్తాం.”

“అవును బాబూ, మాం సూసాం,” అన్నారందరూ.

సన్యాసిరాజు ఆ మెడ గాయాన్ని చూశాడు. చూసి, సావకాశంగా కాగితం ముందుకు లాక్కుని రాశాడు. పీక మీద కొక్కెం పెట్టినవాడిని కొట్టడం నేరం కాదు. ఆత్మరక్షణ. కేసు అతని మీదే. బెయిలు కూడా రద్దవుతుంది. రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు.

“సంతకం ఎట్టమ్మా. ఎట్టీసి ఎల్లి ఆ పీకకి కుట్లేయించుకో.”

రోజారమణి చదివింది. ఇతరుల రాతల్లో తప్పులు పట్టే ఆ కన్ను, ఒక్కో వాక్యాన్నీ తడుముతూ పోయి ఒక చోట ఆగింది.

“ఒక దెబ్బ అని రాసారు బాబూ.”

“అవును. ఒకటే కదా?”

“రెండు.”

వరహాలమ్మ ఆమె భుజం గిల్లింది. “ఊరుకోవే! బాబూ, అది నెత్తురు పోయి ఏదేదో మాటాడతంది.”

“రెండో దెబ్బ ఆయన కింద పడ్డాక కొట్టాను,” అంది రోజారమణి. “కొక్కెం ఆయన సేతిలో నేదు. ఒద్దన్నాడు. నాకు ఇనపడింది. ఇనే కొట్టాను.”

సన్యాసిరాజు కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. తర్వాత కూతురితో మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు.

“సూడు తల్లీ. నువ్వన్న మాట నాను రాత్తే అది ఆత్మరచ్చన కాదు. నీ మీద కేసు కట్టాల. సెయ్యి ఇరగ్గొట్టడం సిన్న కేసు కాదు. ఈ ఫారం నాను సోమారం పంపలేను. జూలై పోద్ది, వచ్చే జూలై కూడా పోద్ది. ఆడి లాయరు ఆ ఒక్క మాటా పట్టుకుని మేలో నిన్ను కోర్టులో ఉతికీత్తాడు. ఈ ఊళ్లో ఒక్కరు కూడా నిన్ను తప్పనరు. నానూ అనను. నాకు ఇనపడనేదు, ఎల్లు.”

ఆమెకు పెనాంగ్ గది కళ్ల ముందు కనిపించింది. నాగశ్రీ చెప్పిన పచ్చ కర్టెన్లు, కిటికీ అవతల సముద్రం. వెళ్లాలనే ఉంది. కానీ మేలో తాను బోనెక్కి, తలుపు రెండుసార్లు మూశాడని చెప్పబోతోంది. రెండోసారి ఎందుకు మూశావని అతన్ని అడిగించబోతోంది.

“ఎందుకు కొట్టావమ్మా రెండోది?” అని అడిగాడు సన్యాసిరాజు. రాసుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి.

“కొట్టాలనిపించి కొట్టాను బాబూ.”

చెయ్యి చాచి కలం తీసుకుంది. మూత పళ్లతో లాగింది. ఎడమచేత్తో, ‘ఒక దెబ్బ’ అన్న మాట మీద అడ్డంగా గీత గీసి, పైన ‘రెండు దెబ్బలు’ అని రాసింది. ఆ పక్కన ఖాళీలో, అక్షరాలు వంకర పోతున్నా ఆగకుండా, ‘రెండవది అతను కింద పడిన తరువాత, అతని కుడిచేతి మీద’ అని చేర్చింది. దిద్దిన చోట ఒక సంతకం, కింద ఒక సంతకం పెట్టింది. మెడ మీంచి ఒక చుక్క కాగితం మీద పడితే కొంగుతో అద్దింది.

సన్యాసిరాజు మోచేతి కింది ఫారాన్ని తీశాడు. ఒకసారి చూసి, సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. కేసు పుస్తకం తెరిచి కొత్త పేజీ తిప్పాడు.

“పేరు?” అన్నాడు.

ఆమె చెప్పింది.